శూన్యాంశ దోషం

నాగావళి ఒడ్డు కాలేజీలో
ఇరవై రెండేళ్లుగా గాజు కడుగుతున్నాను.
బీకరు మూతి మీద తడివేలు తిప్పితే
కిర్రుమనాలి.
అనకపోతే మళ్లీ కడగాలి.
నాకు తెలిసిన శాస్త్రం అంతే.

మార్గశిరం చలిలో
జువాలజీ పిల్ల, జమ్మాన హైమావతి,
తేలినీలాపురం బస్సు దిగి వస్తుంది.
సంచి నిండా అగ్గిపెట్టెలు.
పెట్టెలో దూది, దూదిలో
చింతచెట్ల కింద ఏరిన గూడబాతు గుడ్ల పెంకులు.
అక్కడో ముసలాయన
చెట్ల దరిదాపుల్లో మనవలచేత టపాసు కాల్పించడట,
పిట్టలకి పురుడు నడుస్తోందని.
"సూరి మావా, స్క్రూగేజి ఇప్పించవా?"
జువాలజీలో కత్తెరలే ఉన్నాయి.
ఫిజిక్సు అల్మారా తాళం నా మొలతాడుకి వేలాడుతుంది.

ఫిజిక్సు గదిలో సనపల దాలినాయుడు
గరివిడి మాంగనీసు రాయిని నూరి,
ఆమ్లంలో కరిగించి, వడకట్టి, కొలిమిలో కాల్చి
గాజుపలక మీద పొరగా పరుస్తాడు.
దాని ముందు ఉల్లిపొర దుప్పటి.
వాళ్ల నాన్న ఆ రాయినే తట్టల్లో మోశాడు.
"ఆయనకి తట్టకింతని కూలైనా ఇచ్చేవారు మావా,
నా ఫెలోషిప్పు వచ్చి ఆర్నెల్లు"
అని నవ్వుతాడు, పళ్లన్నీ కనబడేలా.
పొర మీద నెత్తుటి చుక్క పడితే
ముల్లు కదలాలి, చక్కెర ఎంతుంటే అంత.
టీ కన్నా చవగ్గా ఉండాలి పరీక్ష.
అదీ వాడి పంతం.

మంగళవారాలు పెద్దాసుపత్రి నుంచి
డాక్టరమ్మ గేదెల సుభాషిణి వస్తుంది.
పలాస జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు
ఆవిడ చీటీల్లో ఉంటారు.
జీడినూనె తిన్న వేళ్లు,
సూది గుచ్చడానికి చోటు దొరకని వేళ్లు.
"తక్కువ చుక్కతో చెప్పగలదా నీ పొర?"

మొదటి చుక్క ఎవరిదన్నప్పుడు
నా చెయ్యే ముందు లేచింది.
"తడి తుడుచుకో సూరీ,
నీళ్లు కలిస్తే లెక్క తప్పుతుంది."
ముల్లు కదిలింది. ఆగలేదు.
కుడి అంచుకి పోయి టక్కున కొట్టుకుంది.
"పొర పాడైంది" అన్నాడు దాలినాయుడు.
ఇంకో పలక, ఇంకో చుక్క, మళ్లీ అంచు.
మూడోసారి వాడు పొరని తిట్టడం మానేసి
నా మొహం చూశాడు.

డాక్టరమ్మ సంచిలోంచి పాత మిషను తీసింది.
మూడువందల డెబ్బై.
"ఎన్నాళ్ల నుంచి దాహం?"
నేను కుళాయి పక్కన బతికేవాణ్ణి.
దాహాన్ని ఎవరు లెక్కపెట్టారు?

ఇంటికెళ్లి చెప్తే నూకాలు
కాసేపు గోడకానుకుని నిలబడి
"నీ రగతం అంత తియ్యగుంటే
నోరెందుకు అలగుంటాదీ?" అంది.
అని, టీ డబ్బా పక్కనున్న బెల్లం
అటకెక్కించింది.
పొద్దున్నకి చోడంబలి.

ఆ వారం హైమ
స్క్రూగేజి దవడల్ని ఖాళీగా మూసి చూపించింది.
"చూడు మావా, మధ్యలో ఏమీ లేదు,
అయినా రెండు గీతలు చూపిస్తోంది.
ముందు ఈ తప్పు రాసుకోవాలి,
ఆనక ప్రతి కొలతలోంచీ తీసెయ్యాలి."
ఇరవై రెండేళ్లు నూనె రాసి దాచాను దాన్ని.
లోపల తప్పుందని నాతో ఎవరూ అనలేదు.

తీసేసినా సరే,
పెంకులు నిరుటికన్నా పల్చన.
మందులా, రొయ్యల చెరువులా, తిండి తగ్గిందా?
"తెలీదు మావా. ఇంకో మూడేళ్లు కొలవాలి."
తెలీదన్న మాట
ఆ పిల్ల ఎంత తేలిగ్గా అంటుందో!
దాలినాయుడి పొర మూడొందలు దాటితే చదవలేదు.
నోటుపుస్తకంలో రాసుకున్నాడు:
నమూనా ఒకటి, అప్పలసూరి, అంచు దాటింది.

ఇప్పుడు కుళాయి పక్క గోడ మీద
సుద్దముక్కతో గీతలు పెడుతున్నాను,
గ్లాసుకొకటి.
ఇవాళ మధ్యాహ్నానికి ఏడు.
ఎనిమిదోది పట్టేముందు
ఖాళీ గ్లాసు అంచు మీద వేలు తిప్పుతాను.
కిర్రుమంటుంది.
కాసేపు అలాగే పట్టుకుంటాను.